ఓబుళేసును ఎవరూ దాటరు

తనను గౌరవ సలహాదారును చేశారని సెల్‌ఫోన్‌లో కబురు వచ్చేసరికి ఓబుళేసు పెరట్లో సైకిల్ చెయిను తుడుస్తున్నాడు. వేళ్ళనిండా నల్లటి గ్రీజు. ఆ వేళ్ళతోనే ఫోను పట్టుకుని ఒకసారి చదివాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాడు. అప్పటికీ నమ్మకం కుదరక భార్య లక్ష్మీకాంతమ్మ చేత చదివించాడు.

“ఆగస్టులో కడప నుంచి బయలుదేరే రెండు వందల కిలోమీటర్ల సవారీకి మన ఆదివారం జట్టు తరఫున పోయేవాళ్ళు ఉమైర్, నాగేంద్ర, శిల్ప. పెద్దలు ఓబుళేసు మామగారు గౌరవ సలహాదారుగా ఉంటూ, వెనక వచ్చే వ్యాను నడపడానికి దయతో ఒప్పుకోవాలని అందరి కోరిక,” అని ఆమె గట్టిగా చదివింది. ఫోను తిరిగి ఇస్తూ, “మంచిదే గదా. గౌరవమంటాండారు,” అంది.

“గౌరవం కాదు అది, డ్రైవరు పని.”

“డ్రైవరువే గదా నువ్వు.”

ఓబుళేసు చెయిను తుడిచే గుడ్డను నేలకేసి కొట్టాడు. గుడ్డ చప్పుడు చేయదు కాబట్టి కోపం ఇంకా పెరిగింది.

ప్రొద్దుటూరు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు తోలిన మనిషి ఆయన. అందులో ఇరవై రెండేళ్ళు పులివెందుల రూటే. తాను తిరిగిన దూరమంతా కలిపితే చందమామ దాకా మూడుసార్లు పోయి రావచ్చని, నాలుగోసారి బయలుదేరబోతుంటే రిటైర్‌మెంట్ కాగితం చేతిలో పెట్టి ఆపేశారని చెప్తుంటాడు. ముద్దనూరు దగ్గర పడమటి గాలి ఎంత బలమైనదంటే, ఒక ఆషాఢంలో బస్సెక్కబోతున్న పెద్దమనిషి తలపాగా ఎగిరిపోయి, బస్సు కంటే ముందే ప్రొద్దుటూరు బస్టాండులో దిగిందని కూడా చెప్తాడు. టికెట్టు లేకుండా వచ్చిందని కండక్టరు దాన్ని ఆయనకు తిరిగి ఇవ్వలేదట.

ఈ కథలు విని నవ్వుకున్నవాళ్ళకు తెలియని వెలితి ఒకటి ఓబుళేసు లోపల ఉండేది. అన్నేళ్ళు తిరిగినా ఆ దారిలో పోయింది తాను కాదని ఆయన నమ్మకం. పోయింది ఇంజను. తాను దాని పక్కన, ఎడమ మోకాలు వేడికి కాలకుండా గుడ్డ కప్పుకుని కూర్చున్నాడు, అంతే. రిటైరయ్యాక ఒంట్లో చక్కెర ఎక్కువైందని డాక్టరు నడవమంటే, నడక నచ్చక, కళ్ళజోళ్ళ అంగడి ఉమైర్ కొత్త సైకిల్ కొనుక్కుని పక్కన పడేసిన పాత గేర్ల సైకిల్ తెచ్చుకున్నాడు. మొదటిరోజు పెన్న వంతెన దాకా తొక్కి, మధ్యలో ఆగి, కింద ఇసుకను చూస్తూ నిలబడిపోయాడు. వేలసార్లు దాటిన వంతెన. దాని కమ్మీకి ఒకచోట సొట్ట ఉందని ఆ రోజే చూశాడు. తన కాళ్ళతో వచ్చి చూసిన మొదటి సొట్ట అది.

అందుకే ఆ రెండు వందల కిలోమీటర్ల సవారీ ఆయనకు అంత ముఖ్యమైంది. అది పందెం కాదు. పదమూడున్నర గంటల్లో ముగించినవాళ్ళందరికీ పతకం ఇస్తారు. ఓబుళేసుకు పతకం మీద ఆశ లేదు. బయలుదేరేముందు ప్రతి మనిషికీ అతని పేరు రాసిన ఒక కార్డు ఇస్తారు. దారిలో నాలుగు చోట్ల దాని మీద సంతకాలు పెట్టించుకోవాలి. ఆ కార్డు కావాలి. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నంబరు కింద సంతకాలు పెట్టినవాడికి, తన పేరు మీద ఒక ప్రయాణం జరిగినట్టు ఒక్క కాగితమైనా ఉండొద్దా?

పేర్లు పంపడానికి సోమవారం ఆఖరు. ఆ రోజు శుక్రవారం.

చేతులు కూడా కడుక్కోకుండా సైకిలెక్కి బజారుకు పోయాడు.

ఉమైర్ అంగడిలో ఒక ముసలాయన ముక్కు మీద ఇనుప చట్రం పెట్టుకుని గోడమీది అక్షరాలు చదువుతున్నాడు. ఉమైర్ ఆ చట్రంలో అద్దాలు మారుస్తున్నాడు. నలభై ఏళ్ళవాడు, జట్టుకు నాయకుడు. ఆదివారాలు ఎక్కడికి పోవాలో, ఎంత వేగంతో పోవాలో, దారిలో ఏం తినాలో అతనే చెప్తాడు. అందరి చేతులకూ గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెట్టే పట్టీలు కట్టించి, ఆ అంకెలన్నీ ఫోనులో దాచుకునేది కూడా అతనే. పక్కన బల్ల మీద శిల్ప కూర్చుని ఉంది. జమ్మలమడుగు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. అనంతపురం నుంచి బదిలీ మీద వచ్చి, నాలుగు వారాల కిందటే జట్టులో చేరింది. కళ్ళజోడు కాడ ఊడితే బిగించుకుపోదామని వచ్చింది.

“ఉమైరూ, సలహా ఒకటి ఇద్దామని వచ్చినా,” అన్నాడు ఓబుళేసు. “గౌరవ సలహాదారును గదా.”

“చెప్పండి మామా.”

“నా పేరు రాయి. అదే సలహా.”

ఉమైర్ చేతిలోని అద్దాన్ని పెట్టెలో పెట్టాడు. ముసలాయన ఇనుప చట్రంతోనే ఇటు తిరిగి కూర్చున్నాడు. అక్షరాల కంటే ఇది బాగున్నట్టు ఆయనకు అనిపించింది.

“మామా, మీ మీద ప్రేమతోనే చెప్తాండా. ఈ అంకెలు చూడండి. పోయిన ఆదివారం మా ముగ్గురి గుండె నిమిషానికి నూట ఇరవై, నూట ఇరవై ఐదు. మీది నూట అరవై ఎనిమిది. తిరిగొచ్చేటప్పుడు ముద్దనూరు కాడ చెట్టు కింద కూలబడినారు. మాకు ఊపిరి ఆగినంత పనయింది. రెండు వందల కిలోమీటర్లలో మీకేమన్నా అయితే లక్ష్మీకాంతమ్మత్తకు ఏం చెప్పల్ల?”

“మీకంటే నేను గట్టిగా తొక్కితే గుండె గట్టిగా కొట్టుకోదా? పదమూడు ఆదివారాలు ముందర ఉండి మిమ్మల్ని ఈడ్చకపోతాండానే, అది మీ ఫోన్లో ల్యాదా?”

ఈ మాట ఓబుళేసు గర్వంగానే అన్నాడు. ఎదురుగాలిలో సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతాయి. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్ళు ఆ చాటున సుఖంగా పోతారు. అందుకని ముందుండటం వంతులవారీగా జరగాలి, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. వంతు అయిపోయినవాడు కుడి మోచేయి ఆడించి ఎడమకు జరుగుతాడు, వెనకున్నవాడు అతన్ని దాటి ముందుకు వస్తాడు. ఈ పద్ధతి ఏప్రిల్లో నేర్పింది ఉమైరే. నేర్పిన మొదటి ఆదివారం ఐదు నిమిషాలు కాగానే ఓబుళేసు మోచేయి ఆడించాడు. ఎవరూ రాలేదు. పదినిమిషాలకు మళ్ళీ ఆడించాడు. తిరిగి చూస్తే వెనక చక్రాలు రైలుపెట్టెల్లాగా వరసగా వస్తున్నాయి, ఒక్కటీ పక్కకు రావడం లేదు. పాపం, పిల్లలకు గాలిని తట్టుకునే శక్తి లేదని జాలిపడ్డాడు. డ్రైవరు సీటు ముందరే ఉంటుంది కదా అనుకుని, ఆ రోజు నుంచి మోచేయి ఆడించడం కూడా మానుకుని అందరినీ తానే లాగుతూ వచ్చాడు. తన కాళ్ళలో ఇంత బలం ఉందని అరవై రెండేళ్ళకు తెలిసినందుకు ఇంటికొచ్చి లక్ష్మీకాంతమ్మకు చెప్పుకుని మురిసిపోయాడు.

శిల్ప కళ్ళజోడు పెట్టుకుని లేచింది.

“ఉమైరన్నా, ఆ లెక్క తప్పు. నాలుగు వారాలుగా చూస్తాండా. ఊరు దాటినప్పట్నుంచి తిరిగొచ్చేదాకా గాలికి అడ్డం పెద్దనాయనే. మనం ముగ్గురం ఆయన ఎనక పందిట్లో కూర్చున్నట్టు పోతాండాం. మన గుండె నూట ఇరవై కొట్టుకుంటాందంటే అది ఆయన పుణ్యం. ఆయనకు నూట అరవై ఎనిమిది వచ్చిందంటే అది మన పాపం. నేను కొత్త గదా, ఇదేదో ఈ ఊరి పద్ధతేమో అని నోరు మూసుకోనుంటి.”

“వాళ్ళకు శాతకాదమ్మా, వాళ్ళనేం అనొద్దు,” అన్నాడు ఓబుళేసు.

“శాతకాక కాదు పెద్దనాయనా. మిమ్మల్ని దాటకూడదని.”

ఓబుళేసు ఉమైర్ వైపు చూశాడు. ఉమైర్ అద్దాల పెట్టె వైపు చూశాడు.

పెద్దవాడికి ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయి. పదమూడు ఆదివారాల పాటు తనను గాలికి తడికలాగా వాడుకున్నారు, ఒకటి. తన కాళ్ళ బలం అనుకున్నదంతా వీళ్ళ మర్యాద, రెండు. మొదటిదానికి కోపం వచ్చింది. రెండోదానికి అంతకంటే ఎక్కువ వచ్చింది.

“దాటకూడదని ఎవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలేదు మామా,” అన్నాడు ఉమైర్ నెమ్మదిగా. “పులివెందుల కాలేజీకి మీ బస్సులోనే పోతాంటి. ఫుట్‌బోర్డు మీద ఏలాడతాంటే మీరు బండి ఆపి, దిగొచ్చి, నా చెవి పట్టుకోని లోపలికి లాగినారు. ఆ చెవి నాకు ఇంకా ఉండాది. దాన్ని పెట్టుకోని మిమ్మల్ని యట్ల దాటేది?”

“దాటేకి మర్యాద అడ్డమొచ్చింది. వ్యాను తోలమనేకి రాలేదా?”

ఇనుప చట్రం ముసలాయన, “న్యాయంగానే అడుగుతాండాడు,” అన్నాడు.

“మరి నా అల్లుడు నాగేంద్రకు ఏమొచ్చింది? వాని చెవి నేనెప్పుడూ పట్టుకోలేదే.”

“అది మీ ఇంట్లోనే అడగండి మామా,” అన్నాడు ఉమైర్. ముసలాయన చట్రంలో మళ్ళీ అద్దం పెట్టాడు.

ఓబుళేసు అడిగాడు. లక్ష్మీకాంతమ్మ పొయ్యి మీద అలసందల తాలింపు కలుపుతూ, గరిటె ఆపకుండా జవాబు చెప్పింది.

“అవును, నేనే చెప్పినా. దాటొద్దని నాగేంద్రకు నేనే చెప్పినా. మార్చి నెల్లో తొండూరు రోడ్డున నిన్ను ఒకసారి దాటినాడు, గుర్తుండాదా? నువ్వు ఇల్లు చేరకముందే నాకు మూడు ఫోన్లు. తొండూరు నుంచి మా చెల్లెలి మొగుడు నారాయణ, ‘వదినా, మామా అల్లుళ్ళకు చెడిందా, అల్లుడు మామను ఎనకేసి పోతాండాడు, ఎనక్కి తిరిగి కూడా సూడలేదు’ అన్నాడు. పొద్దుమునిగేలోపల మన హాసిని పెట్టె సర్దుకోని పుట్టింటికి వచ్చేసిందని ముద్దనూరులో అనుకున్నారంట. సోమవారం జమ్మలమడుగు తహసీల్దారు ఆఫీసులో నాగేంద్ర పనిలో ఉంటే ఇద్దరు పెద్దమనుషులు పోయి, ‘మాట్లాడి సర్దుబాటు చేసుకుందాం రాప్పా’ అని భుజం మీద చెయ్యేసినారంట. నా కూతురి కాపురం ముఖ్యమా, నీ గాలి ముఖ్యమా?”

“ఇదంతా నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏం చేస్తావు? నారాయణతో కొట్లాడతావు. అప్పుడు నిజంగానే చెడతాది. అందుకే నాగేంద్రకు చెప్పినా. యాడన్నా దాటు, రోడ్డు మీద మాత్రం దాటొద్దని.”

“సైకిలును రోడ్డు మీద కాక శనగచేన్లో దాటాల్నా?”

లక్ష్మీకాంతమ్మ చేతిలో గరిటె ఆగింది. అలసందలు కొంచెం మాడాయి.

మనుషులు రెండు బండ్లు ముందూ వెనకా పోవడం చూసి ఒక కాపురాన్ని కూల్చేశారన్న సంగతి ఓబుళేసుకు ఎంతకూ మింగుడుపడలేదు. శనివారమంతా పెరట్లో సైకిల్ చెయిను తుడుస్తూ గడిపాడు. సాయంత్రం ఉమైర్‌కు ఒక కబురు పంపాడు. రేపు పులివెందుల దాకా పోదాం. వంతులు తప్పకుండా పోదాం. ఆడ నా అంకె చూసి, అప్పటికీ నేను పనికిరానంటే నోరెత్తకుండా వ్యాను తోలుతా.

ఆదివారం తెల్లవారుజామున ఓబుళేసు, ఉమైర్ ప్రొద్దుటూరులో బయలుదేరారు. జమ్మలమడుగులో శిల్ప, నాగేంద్ర కలిశారు. నాగేంద్ర ముప్పై ఆరేళ్ళవాడు, మెత్తని మనిషి. ఆఫీసులో ఫైలు అడిగినవాడికి కూడా ముందు కుర్చీ వేసి తర్వాత లేదని చెప్తాడు. మామ మొహం చూడగానే అతనికి సంగతి అర్థమైంది. పలకరింపుగా నవ్వబోయి, ఆ నవ్వును సగంలో ఆపుకున్నాడు.

ముద్దనూరులో పులివెందుల రోడ్డుకు తిరిగే మలుపు దగ్గర ఓబుళేసు అందరినీ ఆపాడు. ఆషాఢ మాసం. దూరంగా థర్మల్ కేంద్రం గొట్టాల్లోంచి వచ్చే పొగ పైకి లేవకుండా పక్కకు పడుకుని పోతోంది. అంటే పులివెందుల దాకా గాలి ఎదురే.

“ముందు ఉమైరు, తరువాత శిల్పమ్మ, తరువాత నేను, నా ఎనక నాగేంద్ర. తలా ఐదు నిమిషాలు. వంతు వచ్చినోడు ముందరికి రావల్ల. సైకిలు దిగినాకనే నేను మామను, పెద్దనాయనను. సైకిలు మీద నేను నలుగుర్లో ఒకణ్ణి. తెలిసిందా?”

“తెలిసింది మామా,” అన్నారు ఉమైర్, నాగేంద్ర కలిసి. ఓబుళేసు పళ్ళు కొరికాడు.

ఉమైర్ ఐదు నిమిషాలు లాగి వెనక్కి వచ్చాడు. శిల్ప ఐదు నిమిషాలు లాగింది. ఆమె వెనక పోతున్నప్పుడు ఓబుళేసుకు ఒక వింత తెలిసింది. చెవుల్లో హోరు తగ్గింది. పెడలు మీద కాలు దానంతటదే తిరుగుతోంది. చేలల్లో మనుషులు కనిపిస్తున్నారు, వాళ్ళ మాటలు కూడా వినిపిస్తున్నాయి. అవతలివాళ్ళు పదమూడు ఆదివారాలు అనుభవించిన సుఖం ఇదన్నమాట. ఆనందం కలగవలసిన చోట ఆయనకు కడుపు మండిపోయింది.

ఆయన వంతు వచ్చింది. గాలి మొహం మీద కొట్టింది. ఐదు నిమిషాలు లాగి మోచేయి ఆడించి ఎడమకు జరిగాడు. నాగేంద్ర కూడా ఎడమకు జరిగాడు. మళ్ళీ ఆడించాడు. నాగేంద్ర సైకిల్ ఆయన వెనక చక్రానికి అంటుకున్నట్టే ఉంది. ఏడో నిమిషం అయింది. ఎనిమిదోది అయింది.

డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఫుట్‌బోర్డు మీద జనం లోపలికి రాకపోతే ఓబుళేసు అరిచేవాడు కాదు. బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఇప్పుడూ అదే చేశాడు. సైకిల్ దిగి, దాన్ని కల్వర్టు గోడకు ఆనించి, గోడ మీద కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

“బండి కదల్దు,” అన్నాడు.

నాగేంద్ర దిగి దగ్గరికి వచ్చాడు. “మామా, తొండూరు ముందరే ఉండాది. నారాయణ మామ ఎరువుల అంగడి రోడ్డు మీదనే. ఈ టయానికి ఆయన బయట కుర్చీ ఏసుకోని ఉంటాడు. ఆ ఊరు దాటినాక దాటతా, సరేనా?”

“ఊరు దాటినాక చూసేకి ఎవురుండారు? నారాయణ చూడల్ల. వాడు చూసేదాకా నేను లేయను.”

“అత్త ఊరుకోదు.”

“మీ అత్త సైకిలు తొక్కదు.”

“జనాలు మల్లా హాసిని పేరు ఎత్తుతారు మామా. నా ఆఫీసుకు మల్లా పెద్దమనుషులు వస్తారు. మీరు రిటైరయినారు, మీకేం, నేను రేపు పొద్దున పదిగంటలకు ఆ కుర్చీలో కూర్చోవల్ల.”

“వాళ్ళు ఏమనుకుంటారోనని నువ్వు నా ఎనక దాక్కుంటివి. నేను ముసలోణ్ణయిపోతి. వాళ్ళకు పోయిందేం ల్యా, నీకు పోయిందేం ల్యా, నా పేరు పోయింది. పెండ్లిపీటల మీద నీ కాళ్ళు కడిగినోణ్ణి నేను. ఆ కాళ్ళతో నాకోసం నాలుగు తొక్కులు ముందరికి తొక్కలేవా?”

ఉమైర్ సైకిల్ గంటను చూసుకుంటూ నిలబడ్డాడు. శిల్ప సీసాలోని నీళ్ళు తాగి, “నాగేంద్రన్నా, ఎండ ఎక్కుతాంది,” అని మాత్రం అంది.

నాగేంద్ర సైకిలెక్కాడు. ఓబుళేసు కూడా ఎక్కి, ముందుండి, మోచేయి ఆడించాడు. కుడిపక్క చక్రం చప్పుడు వచ్చింది. అల్లుడి భుజం ఆయన భుజం పక్కకు వచ్చింది, ఒక క్షణం అక్కడే తచ్చాడింది, తర్వాత ముందుకు పోయింది. దాటుతున్నంతసేపూ నాగేంద్ర అటు పక్క చేలవైపే చూశాడు.

వాళ్ళు ఆ వరసలోనే తొండూరులోకి వచ్చారు. నారాయణ అంగడి ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. మొదట అల్లుణ్ణి చూశాడు. తర్వాత మామను చూశాడు. గ్లాసు పట్టుకునే రోడ్డు అంచు దాకా వచ్చాడు.

“ఓబుళేసన్నా, ఏంది ఇది, అల్లుడు ముందర పోతాండాడే?”

“నేనే పొమ్మన్నా. ఎనక సల్లగా ఉండాది,” అన్నాడు ఓబుళేసు ఆగకుండా.

నారాయణకు ఆ మాట సగమే వినిపించింది. మిగతా సగం తానే పూరించుకున్నాడని, ఊరు దాటి కిలోమీటరు పోకముందే ఓబుళేసు జేబులో ఫోను మోగడం మొదలుపెట్టినప్పుడు తెలిసింది. లక్ష్మీకాంతమ్మ. ఆయన తీయలేదు. మళ్ళీ మోగింది. మళ్ళీ తీయలేదు.

ఈలోగా ముందు వేరే తంటా వచ్చింది. నాగేంద్ర వంతు అయిపోయింది. అయినా అతను మోచేయి ఆడించడం లేదు, పక్కకు జరగడం లేదు. ఉమైర్ ముందుకు పోబోతే తలకాయ అడ్డంగా ఊపి ఇంకా గట్టిగా తొక్కాడు. పది నిమిషాలయింది. పావుగంట అయింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది, తొక్కడంలో వంకర వచ్చింది. అయినా వదలడం లేదు.

అతని ఆలోచన ఓబుళేసుకు ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు వెనక్కి వస్తే మళ్ళీ మామ వంతు వస్తుంది. ఆ తర్వాత మళ్ళీ మామను దాటాలి. పులివెందుల దాకా తానే ముందుంటే ఒక్కసారి దాటిన తప్పుతోనే సరిపోతుంది. ముప్పై ఆరేళ్ళవాడు, చదువుకున్నవాడు, ప్రభుత్వ ఉద్యోగి. ఒక్క మర్యాద కోసం గాలితో పోట్లాడుతూ చచ్చిపోయేలాగా ఉన్నాడు. ఓబుళేసుకు జాలి వేయలేదు. వెనకనుంచి తిట్టాడు. గాలికి ఆ తిట్లు ప్రొద్దుటూరు వైపు కొట్టుకుపోయాయి.

పులివెందుల బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు అమ్మే హోటలు ముందు ఆగారు. నాగేంద్ర సైకిల్ దిగబోయి, దిగలేక, మెట్టు మీద కూలబడ్డాడు. శిల్ప అతని తలమీద నీళ్ళు పోసింది. ఉమైర్ ఒక్కొక్కరి పట్టీ చూసి అంకెలు ఫోనులోకి ఎక్కించాడు. ఎక్కించి, చదవకుండానే ఫోను జేబులో పెట్టుకోబోయాడు.

“చదువు,” అన్నాడు ఓబుళేసు.

“శిల్ప నూట ముప్పై. నాది నూట ముప్పై రెండు.”

“తరువాత?”

“మీది నూట ఇరవై ఆరు మామా.”

“తరువాత?”

“నాగేంద్రది నూట డెబ్బై ఒకటి.”

“అయితే నీ లెక్క ప్రకారం వ్యాను ఎవురు తోలల్ల?”

నాగేంద్ర మెట్టు మీదనుంచే, “నాకు కారు లైసెన్సు ల్యాదు మామా, మోటారు సైకిలుదే ఉండాది,” అన్నాడు.

శిల్ప నవ్వాపుకోలేక హోటల్లోకి పోయింది. ఓబుళేసుకు నవ్వు రాలేదు.

“ఉమైరూ, నువ్వు కండ్లకు అద్దాలు పెట్టేవానివి. కూడికా తీసివేతా చక్కగా చేస్తివి. ముందర ఉండేదెవురో ఒక్కసారి తలెత్తి చూడలేదు. ఆ అంకె వయసు చెప్పదప్పా. గాలి ఎవురి మొహాన కొడతాందో చెప్తాది. అది తెలుసుకోకుండా నన్ను పక్కన పెడితివి, దానికి గౌరవమని పేరు పెడితివి. తిడితే ఇంత బాధపడను.”

ఉమైర్ ఫోను తీసి, సవారీ దరఖాస్తు తెరిచి, అక్కడే నిలబడి పేరు ఎక్కించి ఆయనకు చూపించాడు. ‘ఓబుళేసు మామగారు’ అని ఉంది.

“మామగారు తీసెయ్. అది బంధుత్వం. కార్డు మీద నా పేరు ఉండల్ల.”

ఉమైర్ తీసేశాడు. వయసు దగ్గర అరవై రెండు అని తానే వేసి, సరేనా అన్నట్టు చూశాడు. ఓబుళేసు తల ఊపి, దరఖాస్తు పోయిన సంగతి ఖాయమయ్యేదాకా ఫోను అద్దం మీదనుంచి కళ్ళు తీయలేదు.

“మరి వ్యాను?” అన్నాడు ఉమైర్.

“వద్దు. ఎనక వ్యాను వస్తాందంటే కాళ్ళు అది చూసి ఆగిపోతాయి.”

అప్పుడు ఉగ్గాణి తిన్నాడు, రెండు ప్లేట్లు. నాగేంద్రకు తానే వడ్డించాడు, కోపంగానే.

తిరుగు దారిలో గాలి వీపున తోస్తోంది. ముందుండాల్సిన అవసరం ఎవరికీ లేదు. అయినా ఓబుళేసు వరస తప్పనివ్వలేదు. గాలి లేకున్నా వంతు వంతేనన్నాడు. నాగేంద్ర ఐదు నిమిషాలకే వెనక్కి వచ్చాడు. ఉమైర్, శిల్ప కూడా తమ తమ ఐదు నిమిషాలు ముగించారు. ఓబుళేసు ముందుకు వచ్చేసరికి తొండూరు కనిపించింది.

నారాయణ అంగడి ముందు ఇప్పుడు ఒక కుర్చీ కాదు, ఏడు ఉన్నాయి. ఐదింట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకాయన పంచె కట్టు, కండువా చూస్తే ప్రత్యేకంగా పిలిపించినట్టే ఉంది. రెండు కుర్చీలు ఎదురెదురుగా ఖాళీగా వేశారు. బల్ల మీద మజ్జిగ గ్లాసులు పెట్టారు. నారాయణ రోడ్డు మధ్యకు వచ్చి రెండు చేతులూ చాచాడు.

“దిగండప్పా, దిగండి. ఏమున్నా కూర్చోని మాట్లాడుకుందాం. ఆడబిడ్డ కాపురం.”

ఓబుళేసుకు ఐదు నిమిషాలు అప్పటికి నిండలేదు. ఇంకా అర నిమిషం ఉంది. అయినా ఆ ఐదుగురు పెద్దమనుషులు చూస్తుండగా కుడి మోచేయి బాగా ఎత్తి, గోడకు సున్నం కొట్టినట్టు పైకీ కిందికీ ఆడించి, ఎడమకు జరిగాడు.

వెనక ఏమీ జరగలేదు. ఒక్క క్షణం, రెండు క్షణాలు. తర్వాత గేరు మారిన చప్పుడు వినిపించింది. నాగేంద్ర పక్కకు వచ్చాడు. ఈసారి చేలవైపు చూడలేదు. మామ వైపే చూశాడు.

“మామా, తప్పుగా అనుకోవద్దు.”

“అనుకుంటా. మాట్లాడకుండా తొక్కు.”

నాగేంద్ర మామను దాటాడు, చేతులు చాచి నిలబడిన నారాయణను దాటాడు, ఏడు కుర్చీలనూ దాటాడు. అతని వెనక ఉమైర్, శిల్ప, అందరి వెనక ఓబుళేసు. మజ్జిగ గ్లాసులు అలాగే ఉన్నాయి. ఓబుళేసు జేబులో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి తీశాడు, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని తొక్కుతూనే.

“అవును,” అన్నాడు. “మల్లా దాటినాడు. వచ్చే ఆదివారమూ దాటతాడు. నారాయణకు చెప్పు, కుర్చీలు తీయొద్దని.”